కాలువ పుస్తకాలు

మా బడి మా వంటింట్లోనే ఉండేది. తొమ్మిదింటికి అమ్మ చేతులు తుడుచుకుని, బల్ల అంచుకి అన్నయ్య బిగించిన సైకిల్ గంటని ట్రింగుమనిపించేది. ఇక ఆ క్షణంనుంచి ఆవిడ అమ్మ కాదు, టీచర్. ఆవిణ్ణి "మీరు" అనాలి, లేచి నిలబడి జవాబు చెప్పాలి, మంచినీళ్లకైనా అడిగి వెళ్లాలి. ఒంటిగంటకి మళ్లీ గంట మోగేది. టీచర్ వెళ్లిపోయేది, అమ్మ వచ్చేది. పొద్దున్న మమ్మల్ని తిట్టిన టీచర్ మీద అమ్మకి చాడీలు చెప్పుకునే హక్కు మాకుండేది. "అంత మాటందా ఆవిడ? రేపు నేను అడుగుతానుండు" అనేది అమ్మ, ఏమాత్రం నవ్వకుండా. చిన్నప్పుడు అన్నయ్యా నేనూ ఆ మాట నిజంగానే నమ్మేవాళ్లం.

నేను చెప్పబోయేది నా పదిహేడో ఏట ఎండాకాలం సంగతి. అన్నయ్య అంతకుముందు ఏడాదే హైస్కూలు పట్టా పుచ్చుకుని, లిఫ్టులు బాగుచేసే కంపెనీలో శిక్షణకి చేరాడు. బడిలో మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి క్లాసులో ఫస్టూ నేనే, లాస్టూ నేనే. వేసవి ఆఖరికల్లా నేనూ పట్టా చూపిస్తే నీళ్ల నాణ్యత పరీక్షించడం నేర్పే కాలేజీ కోర్సులో నా సీటు నాకుంటుంది. చూపించకపోతే వరుసలో నా తర్వాతివాళ్లకి పోతుంది. కాలేజీవాళ్ల ఉత్తరంలో ఆ ముక్క కింద గీత గీసి మరీ ఉంది.

ఇంట్లో చదువుకున్నవాళ్లకి పట్టా ఊరికే రాదు. బడికెళ్లే పిల్లలకి బడివాళ్లు చూసుకునే తతంగమంతా మేమే చూసుకోవాలి. విద్యాశాఖ ఇచ్చిన జాబితా మా ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉండేది. భాషకి ఇన్ని క్రెడిట్లు, లెక్కలకి ఇన్ని, చదివిన గంటల రిజిస్టరు, రాసిన వ్యాసాలు, ఆఖరికి వ్యాయామం గంటలు కూడా. రోజూ కాలువ దాకా నడవడాన్ని టీచర్ వ్యాయామం కింద రాసింది, ఆ విషయంలో నేనూ ఆవిడా ఒక జట్టే. అన్నిటికీ టిక్కు పడింది, ఒక్క సైన్సుకి తప్ప. కనీసం ఏడాది పొడవునా చేసిన ప్రయోగాలు, వాటి రికార్డు పుస్తకాలు ఉండాలి. వాటిని ఒక అధికారిణి ఇంటికొచ్చి చూసి సంతకం పెట్టాలి. ఆవిడ ఎప్పుడూ ఆకుపచ్చ సిరాతోనే రాసేది కాబట్టి మేం పచ్చసిరా మేడం అనుకునేవాళ్లం.

సైన్సు గురించి నాకు బెంగే లేదు. నా దగ్గర కాలువ పుస్తకాలున్నాయి. రెండేళ్లపాటు రోజూ పొద్దున్నే ఇంటి వెనక కాలువలోంచి బకెట్‌తో నీళ్లు తోడి, ఎంత వేడిగా ఉన్నాయో ఎంత మురికిగా ఉన్నాయో చూసి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి, కనిపించిందల్లా రాసి బొమ్మ గీశాను. పదకొండు పుస్తకాలయ్యాయి. బకెట్ తాడు అన్నయ్య పట్టుకునేవాడు, పెన్ను నేను పట్టుకునేదాన్ని.

రికార్డుకి టీచర్ పెట్టిన నియమాలు మూడు. చూడనిది రాయకూడదు. తప్పు రాస్తే చెరపకూడదు, గీత కొట్టి పక్కన ఒప్పు రాయాలి. పుస్తకం మీద పేరు రాయకూడదు, తేదీ చాలు. మూడోది అన్నయ్య కోసం పెట్టింది. వాడి చేతిలో ఏ యంత్రమైనా మాట వింటుంది గానీ అక్షరాలు వినేవి కావు. నాతో పోల్చుకుని కుంగిపోతాడని మా ఇంట్లో ఏ పుస్తకం మీదా ఎవరి పేరూ ఉండేది కాదు. నిండిన పుస్తకం టీచర్ బీరువాలోకి వెళ్లిపోయేది. తాళం ఆవిడ దగ్గరే ఉండేది.

ఎండలు ముదిరిన మొదటి వారంలో టీచర్ నా ముందు ఒక జెరాక్సు కట్ట పెట్టింది. కాలువ పుస్తకాలన్నీ శుభ్రంగా కొత్త పుస్తకాల్లోకి ఎక్కించమంది. అసలువి బాగా నలిగిపోయాయట, సిరా వెలిసిపోతోందట, ఇంకా తిరగేస్తే చిరిగిపోతాయని జెరాక్సు తీయించిందట. తేదీలు మాత్రం పాతవే వెయ్యమంది. నేను లేచి నిలబడి, ఇది చూడనిది రాయడం కిందకి రాదా అని అడిగాను.

"చూసిందే కదా. రెండోసారి రాస్తున్నావు, అంతే" అంది టీచర్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

నెల రోజులు రాశాను. మధ్యవేలు కాయ కాసింది. ఆరో పుస్తకంలో ఒకచోట నల్లటి వలయం కనిపించింది, నాన్న టీ కప్పు మరక జెరాక్సులో అలా పడింది. ఒక నీటిపురుగుకి ఎనిమిది కాళ్లు గీసి, రెండు కొట్టేసి, పక్కన "లెక్క తప్పాను" అని రాసుకున్న పేజీ వచ్చినప్పుడు నవ్వొచ్చింది. అదీ అలాగే దించబోతే టీచర్ వద్దంది, శుభ్రంగా రాసుకుంటూ తప్పులెందుకని. తప్పు చెరపకూడదని చెప్పిన మనిషే ఆ మాటనడం నాకు కాస్త వింతగా అనిపించింది. ఎండ దెబ్బేమో అనుకున్నాను.

ఆ ఏడాది అన్నయ్య నా మీద ఒలకబోసిన ప్రేమకి అంతులేదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ నెల తిరిగేసరికి ఏదో ఒకటి తెచ్చేవాడు. మైక్రోస్కోపుకి కొత్త బల్బు, గాజుపలకల పెట్టె, నేను రాస్తూ నడుం నొప్పంటే కుర్చీకి మెత్త. ఏంటన్నయ్యా కొత్తగా అంటే, "ఊరుకోవే పంతులమ్మా, నువ్వు చేసినదానికి ఇదెంత" అనేవాడు. చిన్నప్పుడు వాడికి ఎక్కాలు చెప్పినందుకు కాబోలనుకుని, నేనూ గొప్పగా పుచ్చుకునేదాన్ని.

పరిశీలనకి దరఖాస్తు ఇవ్వడానికి విద్యాశాఖ ఆఫీసుకి అమ్మే వెళ్తానంది. తీరా గడువు ముగిసే రోజున తలనొప్పితో మంచం దిగలేకపోయింది. నిద్ర లేపడమెందుకని దరఖాస్తు పట్టుకుని నేనే బస్సెక్కాను, అమ్మకి సాయం చేస్తున్నాననుకుంటూ.

ఆఫీసులో గుమస్తా కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని దరఖాస్తు అంతా చదివాడు. రికార్డు అసలుదేనా అని అడిగాడు. కాదండీ, మొత్తం మళ్లీ శుభ్రంగా రాశాను అన్నాను, మెచ్చుకుంటాడేమోనని. ఆయన తల అడ్డంగా ఊపాడు. అలా తిరగరాసినవి చెల్లవట, ఏ రోజుది ఆ రోజు రాసిందే కావాలట, మరకలున్నా ఫరవాలేదట. నా ముఖం చూసి జాలేసిందేమో, లేచి వెళ్లి గోడవారనున్న అద్దాల బీరువాలోంచి ఒక పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇదుగో, రికార్డంటే ఇలా ఉండాలి. నీలాగే ఇంట్లో చదువుకున్న కుర్రాడిది, పోయినేడు. వచ్చినవాళ్లందరికీ ఇదే చూపిస్తున్నాం. చూసి నేర్చుకో."

తెరిచాను. టీ కప్పు మరక గోధుమరంగులో ఉంది. నెల రోజులుగా జెరాక్సులో నల్లగా చూసీ చూసీ దాని అసలు రంగు మర్చిపోయాను. నాలుగు పేజీల తర్వాత ఎనిమిది కాళ్ల పురుగు, కొట్టేసిన రెండు కాళ్లు, పక్కన "లెక్క తప్పాను". వెనక అట్ట లోపలివైపు అన్నయ్య రిజిస్ట్రేషన్ నంబరు, దాని కింద పచ్చసిరాతో సంతకం. బీరువాలో ఇంకా పది పుస్తకాలు ఒద్దికగా నిలబడి ఉన్నాయి.

అర్థమైందా అని అడిగాడు గుమస్తా. అర్థమైందండీ అన్నాను. అంచున అంటుకున్న దుమ్ము వేలితో తుడిచి, పుస్తకం ఆయన చేతికే ఇచ్చేశాను. దరఖాస్తు మీద ముద్ర వేసి, పరిశీలన తేదీ రాసిచ్చాడు.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. దొంగ ఇంట్లోనే ఉన్నాడని తెలిస్తే మనిషికి ముందు వచ్చేది కోపం కాదు, సిగ్గు. నా పుస్తకం నాకే చూపించి నేర్చుకోమన్నాడు ఆ పెద్దమనిషి. తప్పు ఆయనది కాదు. కానీ ఆ మాటకి ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

సాయంత్రం అన్నయ్య పెరట్లో కుళాయి దగ్గర చేతుల గ్రీజు వదిలించుకుంటుంటే ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. కాలువ పుస్తకాలు ఆఫీసులో చూశానన్నాను. వాడు తడబడలేదు, దాచుకోలేదు. ముఖం విప్పారింది.

"అందరికీ చూపిస్తున్నారటగా? నాకే గర్వంగా ఉంటుందే. నువ్వు ఇవ్వకపోతే నేనేమైపోయేవాణ్ణో."

"నేను ఇచ్చానని ఎవరన్నారు?"

సబ్బు చేతుల్లోనే ఉండిపోయింది. అమ్మ చెప్పిందన్నాడు. నేనే మనస్ఫూర్తిగా ఇవ్వమన్నానని, ఆ మాటెత్తితే మొహమాటపడతానని, థాంక్స్ కూడా చెప్పొద్దని చెప్పిందట. ఏడాదిపాటు వాడు తెచ్చిన బల్బూ గాజుపలకలూ మెత్తా ఎందుకో అప్పుడు తెలిసింది. వాడు నెలనెలా థాంక్స్ చెబుతూనే ఉన్నాడు, నేను నెలనెలా పుచ్చుకుంటూనే ఉన్నాను, ఎందుకో తెలియకుండా. రేపే ఆఫీసుకెళ్లి ఉన్నది చెప్పేస్తానన్నాడు. కాస్త ఆగు, ముందు అమ్మతో మాట్లాడతానన్నాను.

అమ్మ నాన్న డ్రైవరు చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. నాన్న పక్కనే కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నారు. నేను ఆఫీసు సంగతి చెప్పగానే ఆయన తల వంచుకుని, అప్పటికే మెరుస్తున్న బూటుని మళ్లీ రుద్దడం మొదలుపెట్టారు. పుస్తకాల అట్టపెట్టె ఆఫీసుకి మోసిందెవరో అలా తెలిసింది. అడిగితే, "మీ అమ్మనడుగు తల్లీ" అన్నారు. ఇంట్లో ఏ విషయం అడిగినా ఆయన జవాబు అదే.

అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. వ్యాసాలంటే పక్కన కూర్చుని ఎలాగో రాయించాను, వాడి సైన్సు పుస్తకాలు ఎవరికైనా చూపించేలా ఉన్నాయా నువ్వే చెప్పు అంది. చేతిలో అంత పనితనం పెట్టుకుని, ఒక్క కాగితం లేక వాడు జీవితాంతం ఎవరి దగ్గరో బరువులు మోసుకుంటూ ఉండాలా అంది. కాలువ దగ్గరికి వాడూ వచ్చాడు, తాడు పట్టుకున్నాడు, నోటితో అడిగితే ప్రతి పురుగు గురించీ చెప్పాడు, రాత ఒక్కటే కదా నీది అంది. నువ్వు ఎన్నిసార్లయినా రాయగలవు, వాడు ఒక్కసారి కూడా రాయలేడు అంది. అన్నీ నిజాలే. అందుకే ఏడుపొచ్చింది.

"నన్నడిగితే ఇచ్చేదాన్నేమో అమ్మా."

"ఇవ్వకపోతే?" అంది అమ్మ.

తర్వాత అమ్మే నా చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకుంది. నువ్వు రాసినవే బల్ల మీద పెట్టు, మేడం వచ్చిన రోజు ఆవిడతో నేనే మాట్లాడతాను, ఉన్నది ఉన్నట్టు చెప్తాను, అన్నయ్య సంగతి కూడా నేనే చూసుకుంటాను అంది. ఎలా చూసుకుంటుందని నేను అడగలేదు. చిన్నప్పుడు టీచర్ని రేపు అడుగుతానంటే ఎలా అడుగుతుందని అడిగానా? ఆ రాత్రి నిద్ర కూడా బాగానే పట్టింది.

పచ్చసిరా మేడం పదింటికి వచ్చింది. గంట మోగి గంటసేపైంది కాబట్టి ఆ వేళ ఇంట్లో ఉన్నది టీచర్. మేడం ముందు భాష చూసింది, లెక్కలు చూసింది, గంటల రిజిస్టరు చూసింది. ఒక్కోదాని మీదా చకచకా సంతకాలు పడుతుంటే ఫ్రిజ్ మీద జాబితా నాకు ఎంతో అందంగా కనిపించింది. తర్వాత కాలువ పుస్తకం తెరిచింది. మూడు పేజీలు చదివి ఆగింది. వెనక్కి తిప్పి మళ్లీ మొదటి పేజీ చదివింది.

"ఇది నేను చదివానే" అంది మెల్లగా. "చేతిరాత కూడా ఇదే."

"ఇద్దరికీ నేనే నేర్పాను. ఒకేలా ఉంటుంది" అంది టీచర్.

నేను టీచర్ వైపు చూశాను, ఇప్పుడు చెబుతుంది కదా అని. మేడం కళ్లజోడు తీసి, ఇది ఎవరు చేసిన పనమ్మా అని నన్నే సూటిగా అడిగింది. నేను లేచి నిలబడ్డాను. నాదేనండీ అన్న మాట నాలుక చివర ఉంది. కానీ అమ్మ తానే చెప్తానంది. ఆవిడ నోటితోనే రావాలని నాకూ ఉంది. అందుకని, మా బడికి పెద్ద మా టీచరేనండీ, ఆవిడ చెప్తారు అన్నాను.

టీచర్ బల్ల అంచున ఉన్న గంటని ఒకసారి వేలితో తాకింది. మోగించలేదు.

"ఆ పుస్తకాలు అబ్బాయివి" అంది. "ఇది వాటిని చూసి రాసింది. నేను గమనించుకోలేదు, పొరపాటు నాదే."

గొంతులో ఎక్కడా తడబాటు లేదు. పాఠం చెప్పినట్టే చెప్పింది. మేడం నావైపు చూసి, నువ్వేమంటావని అడిగింది. నిజం ఆవిడకి తెలిసిపోయింది, ఆ చూపులో నాకు కనిపించింది. అడగడం మాత్రం ఒక్కసారే అడిగింది. పోయినేడు అన్నయ్య పుస్తకాల మీద సంతకం ఆవిడదే మరి. నేను నోరు విప్పితే అన్నయ్య పట్టా పోతుంది, అమ్మ ఒక అధికారి ముందు అబద్ధమాడినట్టవుతుంది. విప్పకపోతే పోయేది నాది. అమ్మా నాన్నా మేడమూ, ముగ్గురు పెద్దవాళ్లు చెయ్యాల్సిన పని నా ఒక్కదాని మీద పడింది. నేను టీచర్ ముఖంలోకి చూశాను. ఆవిడ నన్ను చూడలేదు.

"టీచర్‌గారు చెప్పారు కదండీ" అన్నాను.

మేడం పెన్ను మూత తీయడానికి చాలాసేపు పట్టింది. నకలు అని రాసింది. ప్రయోగాల క్రెడిట్ ఇవ్వలేదని, ఏడాదిపాటు కొత్తగా చేసిన రికార్డు చూశాకే మళ్లీ పరిశీలన అని రాసింది. పచ్చసిరాతో నాకు తప్పు పడటం అదే మొదటిసారి. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టింది. ఆ తట్టడం ఎందుకో ఆవిడకే తెలియాలి.

వేరే పిల్లలకి బడిలో అన్యాయం జరిగితే ఇంటికొచ్చి అమ్మతో చెప్పుకుంటారు. నేను ఇంట్లోనే ఉన్నాను.

ఆ సాయంత్రం అన్నయ్యకి జరిగింది చెప్పాను. వాడు గోడకి చేరగిలబడి చాలాసేపు ఏడ్చాడు. రేపు తెల్లారగానే ఆఫీసుకెళ్లి నిజం చెప్పేస్తాను, ఉద్యోగం పోతే పోయింది అన్నాడు. మర్నాడు ఎక్కడో పెద్ద భవనంలో లిఫ్టు ఆగిపోయిందని కంపెనీవాళ్లు పొద్దున్నే పిలిచారు. ఆ తర్వాతి రోజు ఆఫీసుకి సెలవు. వాడి రేపు ఇంకా రాలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు. నెల తిరిగేసరికి వాడు మళ్లీ ఏదో తెచ్చాడు, చిన్న పెట్టె. విప్పకుండా వాడి మంచం మీదే పెట్టేశాను. ఆ పుస్తకాలు ఇప్పటికీ అద్దాల బీరువాలోనే ఉన్నాయేమో, ఎవరెవరు చూసి నేర్చుకుంటున్నారో నాకు తెలియదు.

ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నాన్న మాత్రం ఒకరోజు బస్సు డిపోకి బయల్దేరుతూ, మీ అమ్మ ఏదో ఆలోచించే చేసుంటుంది తల్లీ అన్నారు. ఆలోచించే చేసిందని నాకూ తెలుసు. బాధంతా అక్కడే ఉంది.

కాలేజీ ఇచ్చిన గడువు ముగిసే రోజు పొద్దున్న నేను బకెట్ తీసుకుని కాలువ దగ్గరికి వెళ్లాను. తాడు నేనే పట్టుకున్నాను. నీళ్లు తెచ్చి, కొత్త పుస్తకం తెరిచి, అట్ట మీద నా పేరు పెద్ద అక్షరాలతో రాశాను. లోపల మొదటి పేజీలో కూడా రాశాను. ఆ తర్వాత ప్రతి పేజీ మీదా రాసుకుంటూ పోయాను, ఖాళీ పేజీల మీద కూడా. టీచర్ ఎదురుగా కూర్చుని చూస్తోంది. మూడో నియమం గుర్తుచేస్తుందేమోనని ఎదురుచూశాను. ఆవిడ లెక్కల పుస్తకం తెరిచింది.

పాఠాలు మామూలుగానే జరిగాయి. ఒంటిగంటకి గంట మోగింది. అమ్మ లేచి, బల్ల చుట్టూ తిరిగి నా పక్కకొచ్చి, తల మీద చెయ్యి వేసింది.

"ఏమే, ఇవాళ టీచర్ మీద చాడీలేం లేవా? చెప్పు, నేనడుగుతాను ఆవిణ్ణి."

ఎన్నేళ్లయిందో ఆ మాట విని. క్షమించమని అడగడానికి ఆవిడకి తెలిసిన దారి అదొక్కటేనని నాకు అర్థమైంది. చెప్పుకోవాలని, ఆ ఒళ్లో తలపెట్టి మొత్తం చెప్పుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను. లేచి నిలబడ్డాను.

"ఏమీ లేవు టీచర్. మీరు భోంచెయ్యండి."